వాళ్ల గాలి

జనవరి 9

గోడ లేచింది. నిన్నటిదాకా హాలు, ఇవాళ్టి నుంచి రెండు ఇరుకు గదులు. కిటికీ మా వైపుకి వచ్చింది, వీధి గుమ్మం వాళ్ల వైపుకి పోయింది. ఇక మాకు పెరటి గుమ్మమే గతి. పోనీ, ఎదురుపడే బాధ తప్పింది.

మధ్యలో సిమెంటు ఇటుకల గోడ ఈయనే కట్టాడు. అవతలి వైపు వాడు జిప్సం బోర్డులు బిగించుకుంటాడట. ఇవతలి వైపు ఈయన తడి పూత పూస్తాడు. ఎవరి విద్య వాళ్లది. అన్నదమ్ములు ఒకే గోడకి చెరో పక్క నిలబడి కొలతలు తీసుకుంటుంటే పక్కింటావిడ వచ్చి చూసి, "ఎంత ముచ్చటగా ఉందో!" అంది. ముచ్చటట. ఆవిడ మొహం.

మరిది అని రాయబుద్ధి కావడం లేదు. అవతలివాడు అని రాస్తాను.

జనవరి 10

"వాళ్ల గాలి కూడా మనకి సోకకూడదు" అని ఈయనతో గట్టిగా చెప్పాను. తాపీ కడుక్కుంటూ విన్నాడు. విన్నాడనే అనుకుంటున్నాను.

జనవరి 12

వాళ్లు తమ సగం అమ్మేస్తున్నారు! నాకు పక్కింటావిడ చెబితే తెలిసింది. ఈయనకి ముందే తెలుసట. "చెప్పలేదేం?" అంటే "నువ్వు అడగలేదుగా" అన్నాడు. అడగాలంటే ముందు అలాంటిదొకటి ఉందని తెలియాలి కదా.

కొనేది ఒక పళ్ల డాక్టరు, క్లినిక్ పెట్టుకుంటాడట. ముందున్న చోట పక్కవాటా వాడి సిగరెట్ పొగంతా ఆ డాక్టరు క్లినిక్‌లోకే వచ్చేదట, రోగులు నోరు తెరిచి పడుకుని పొగ మింగేవారట. అందుకని ఈసారి ఒక షరతు పెట్టాడు. గుమ్మంలో పెద్ద ఫ్యాన్ బిగించి గాలంతా బయటికి లాగి, ఎక్కడి నుంచైనా లోపలికి దూరుతోందేమో చూస్తారట. పక్కవాటా నుంచి గాలి రాకపోతేనే కొంటాడు. ఫిబ్రవరి ఆఖరులోగా పరీక్ష పాసవ్వాలి, లేకపోతే వేరే ఇల్లు చూసుకుంటాడు.

బాగుంది. నాకు కావలసింది కూడా అదే.

జనవరి 14

వాడి పెళ్లాం, ఆ దొరసాని, ఇవాళ పెరట్లోకి వచ్చి, "అక్కా, మోటారు ఎంతసేపు వేసుకోవచ్చు?" అని అడిగింది. ఆఫీసు చెప్పులతోనే వచ్చింది. "మీ ఇష్టం, మీ నీళ్లు" అన్నాను. మాట కాస్త పెడసరంగానే వచ్చింది. రానీ. తోడికోడలిని నెత్తిన పెట్టుకోవడానికి ఇప్పుడు ఒక ఇంటివాళ్లం కూడా కాదు.

వాడన్న మాట పొద్దున్నుంచీ చెవిలో మోగుతోంది. వాటాలు పంచుకున్నప్పుడు పెద్దమనుషుల ముందు కూర్చుని అన్నాడు. "నన్ను పెంచారా? ఇసుక మోయించారు."

ఇసుక మోయించారు!

నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చేనాటికి వాడికి పాలపళ్లు ఊడుతున్నాయి. అమ్మా నాన్నా లేరు. ఊడిన పన్ను తెచ్చి నా అరచేతిలో పెట్టేవాడు, ఏం చేయాలో తెలియక. జ్వరమొస్తే నా పక్కలోనే పడుకునేవాడు. బడి మానేస్తానన్నది వాడే, మేం మాన్పించలేదు. ఆ ఏడు ఈయనకి పనులెక్కువై మనిషి కావాల్సి వచ్చింది, అది వేరే సంగతి. ఇసుక వాడొక్కడే మోశాడా? నేను మొయ్యలేదా?

జనవరి 15

పూత మొదలైంది. ముందు ఇటుకలకి నీళ్లు కొట్టాడు, తర్వాత మొదటి పూత. బద్ద పెట్టి లాగి, రసమట్టం ఆనించి, మళ్లీ లాగి. ఈయన పని చేస్తుంటే ఇప్పటికీ నిలబడి చూడబుద్ధేస్తుంది. ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఈయన కూడా నా వంట బాగుందని ఎప్పుడూ చెప్పలేదు, చెల్లుకి చెల్లు.

అవతల వాడి పని ఒక్కపూటలో అయిపోయింది. బోర్డు వెనక జిగురు ముద్దలు అక్కడక్కడా పెట్టి గోడకి అదిమేయడమేగా. పైకి నున్నగా ఉంటుంది, వెనకంతా డొల్ల. ఈయన అన్నాడు, "ఆ డొల్లలోకి గాలి ఒకచోట దూరితే చాలు. గోడంతా తిరిగి ఏ స్విచ్చు పెట్టెలోంచో తేలుతుంది. గాలిని ఆపేది బోర్డు కాదు, ఇవతలి పూత."

"అయితే మన పూత మీదే ఉందన్నమాట వాళ్ల అమ్మకం" అన్నాను నవ్వుతూ.

ఈయన నవ్వలేదు.

జనవరి 18

రెండో పూత కూడా అయింది. అద్దంలా ఉంది గోడ.

ఒక చిత్రం. ఇప్పుడు మా పడకగదైన ఈ సగం హాల్లో పెద్ద చెక్క బీరువాని ఈయన ఒక్కడే కిందామీదా పడి నెట్టి, కొత్త గోడకి ఆనించి పెట్టేశాడు. పూత ఇంకా పచ్చిగానే ఉంది. ఎవరింట్లోనైనా పచ్చి గోడకి కుర్చీ ఆనిస్తే ఒంటికాలి మీద లేచే మనిషి! "ఆరనివ్వండి" అంటే "బట్టలు నేలమీద పడున్నాయి కదా" అన్నాడు. బట్టల మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో.

ఈయనకి నడుం పట్టేసింది, సాయంత్రం తైలం రాశాను.

జనవరి 20

అసలు ఇదంతా ఎక్కడ మొదలైంది? వాడు బోర్డుల పనిలోకి వెళ్లడంతో కాదు. వెళ్తే వెళ్లాడు. పెద్ద పెద్ద భవంతుల పనులు వచ్చాయి, సంతోషం. ఒకరోజు వచ్చి, "అన్నయ్యా, నాతో వచ్చెయ్. బోర్డుల అతుకులు నున్నగా కలిపే చెయ్యి నీలాంటిది ఎవరికుంది?" అన్నాడు.

అట్టముక్కల అతుకులకి లప్పం పెట్టడానికి! తనకి తాపీ పట్టడం నేర్పిన మనిషిని! నాకు కోపం నషాళానికంటింది. ఈయన ఆలోచిస్తానన్నాడు. నేను ఆలోచించనివ్వలేదు. ఆరోజు నేనన్న మాటలు ఇక్కడ రాయక్కర్లేదు.

జనవరి 27

ఫ్యాన్ పరీక్ష జరిగింది. ఫెయిల్!

వీధి గుమ్మానికి ఎర్ర గుడ్డ బిగించి, మధ్యలో ఫ్యాన్ పెట్టారు. రోడ్డు మీద నిలబడి చూశాను. వాడు గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫ్యాన్ అతను మీటరు చూసి పెదవి విరిచాడు. డాక్టరు గడియారం చూసుకున్నాడు. దొరసాని గోళ్లు కొరుక్కుంది.

వాడి మొహం చూడాల్సింది. బోర్డుల మేస్త్రి ఇంట్లోనే బోర్డుల్లోంచి గాలి! కడుపు చల్లబడింది. ఇంటికొచ్చి ఈయనతో, "అట్ట పని అంతే మరి" అన్నాను. చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్లాడు.

జనవరి 30

అవతల టకటకలు. అడుగు బోర్డులన్నీ ఊడదీసి, అంచులకి జిగురు నురుగు కొట్టి మళ్లీ బిగిస్తున్నాడు. స్విచ్చు పెట్టెలన్నీ విప్పాడట. రోజంతా బయట అదే పని, వచ్చాక ఇంట్లోనూ అదే పని. తింటున్నాడో లేదో. దొరసాని ఇంటికొచ్చేసరికే చీకటి పడుతుంది.

నాకెందుకు?

ఫిబ్రవరి 3

ఏమీ లేదు.

ఫిబ్రవరి 10

రెండో పరీక్ష కూడా ఫెయిల్. కానీ ఇవాళ రాయాల్సింది అది కాదు.

ఈసారి నేను రోడ్డు మీదికి వెళ్లలేదు. పడకగదిలో బట్టలు మడత పెట్టుకుంటున్నాను. అవతల ఫ్యాన్ హోరు మొదలైంది. బీరువా తలుపు ఓరగా ఉంది, చూస్తుండగానే దానంతటదే వెళ్లి టప్పున మూసుకుంది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. తలుపు లాగితే గట్టిగా వచ్చింది, లోపల్నుంచి ఎవరో పట్టుకున్నట్టు. తీసి చూస్తే నా ఉన్ని కోటు చేతులు రెండూ లేచి గోడవైపు చాచి ఉన్నాయి. దుపట్టాలు గోడకి అంటుకుపోయాయి.

ఆ బీరువాకి వెనక పలక ఎప్పుడో చెదలు తిని పోయింది. బట్టలు తప్పిస్తే ఎదురుగా గోడే. పైనంతా పూత ఉంది. కింద, పాత పెట్టె వెనక, పళ్లెమంత మేర పూత లేదు. ఉత్త ఇటుకలు. రెండు ఇటుకల మధ్య సిమెంటు కూడా లేదు. వేలు పెడితే దూరింది. వేలి చుట్టూ గాలి జివ్వున లాగింది, మా ఇంట్లోంచి వాళ్లింట్లోకి.

వాళ్ల గాలి మాకు సోకడం కాదు, మా గాలే అటు పోతోంది.

ఈయన మర్చిపోయి ఉంటాడు. వయసు మీదపడుతోంది కదా.

ఫిబ్రవరి 11

మర్చిపోయి ఉంటాడు.

ఫిబ్రవరి 12

మళ్లీ చూశాను. పూత లేనిచోట అంచు చేత్తో తడిమాను. ఎక్కడా గరుకు లేదు. చుట్టూ తాపీతో దిద్ది, నున్నగా తీర్చి ఆపాడు. మర్చిపోయినవాడు అంచు తీర్చడు.

భోజనానికి కూర్చున్నప్పుడు ఆయన మొహంలోకి చూశాను. "ఏంటి?" అన్నాడు. "ఏంలేదు" అన్నాను. "మూడోసారి కూడా ఫెయిలైతే డాక్టరు వద్దంటాడటగా?" అన్నాను. "అనొచ్చు" అన్నాడు మజ్జిగ తాగుతూ.

తమ్ముణ్ణి పోవద్దని నోటితో ఒక్క మాట అనలేని మనిషి గోడకి కన్నం పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. నాకు చెబితే ఊరుకునేదాన్ని కాననా?

ఊరుకునేదాన్ని కాదు. నిజమే.

ఫిబ్రవరి 13

ఆ కన్నం దగ్గర చెవి పెడితే అవతలి మాటలు వినబడతాయి. అట్టగోడ కదా. పొట్టి పీట వేసుకుని, బీరువాలో తలపెట్టి కూర్చున్నాను, కోటు నెత్తిమీద వేలాడుతుండగా. ఈ వయసులో నాకిదేం పాడుబుద్ధో! కానీ నన్ను ఏమని తిట్టుకుంటున్నారో తెలియాలి కదా. తెలిస్తే నాలుగు దులపొచ్చు.

కుళాయి కారుతోందని మాట్లాడుకున్నారు. ఆఫీసులో లిఫ్టు ఆగిపోయిందట.

ఫిబ్రవరి 14

కర్టెన్ల రంగు. ఇద్దరూ నవ్వుకున్నారు. వాడికి జలుబు చేసినట్టుంది, ముక్కు బరువుగా మాట్లాడుతున్నాడు. మిరియాలు వేసి పాలు కాచి ఇవ్వడం దానికి చేతకాదు కాబోలు.

నా ఊసు లేదు.

ఫిబ్రవరి 16

ఇవాళ కూడా లేదు. ఎంతసేపు కూర్చున్నా నా మాటే ఎత్తరు. తిట్టుకోను కూడా తిట్టుకోరు. చిన్నోడు పాట ఒకటి ఈల వేశాడు, సగంలో ఆపేశాడు.

చిన్నోడు అని రాశాను. ఉండనీ, కొట్టేస్తే కాగితం చిరుగుతుంది.

ఈయన గదిలోకి రాబోయి, నేను బీరువాలో ఉండటం చూసి ఆగాడు. "చిమ్మట పురుగులు పట్టాయి" అన్నాను. "చూడు, చూడు" అని వెళ్లిపోయాడు. నేను కనిపెట్టానని తెలిసిందేమో. ఇద్దరం ఒకరికొకరం ఏమీ చెప్పుకోలేదు. రెండ్రోజులుగా ఇంట్లో ఏదో తెలియని హాయిగా ఉంది. దొంగతనంలో పాలు పంచుకున్నట్టు. ఉండనిస్తే ఏం పోయింది అనిపించింది. ఇంకో పది రోజులు నోరు మూసుకుంటే డాక్టరు పోతాడు, వాళ్లు ఉంటారు. ఉంటే ఉన్నారు. మధ్యలో గోడ ఎలాగూ ఉంది.

ఫిబ్రవరి 18

విన్నాను. విననే విన్నాను.

దొరసాని అంది, "అక్కనీ బావగారినీ ఒకరోజు భోజనానికి పిలుద్దామా?"

చిన్నోడు అన్నాడు, "వద్దులే. అన్నయ్యని పూత పనులకి పిలిచినప్పుడు కలుస్తూనే ఉంటాగా."

"మరి అక్క?"

కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత వాడు, "గోడ కావాలన్నది ఆవిడేగా" అన్నాడు.

ఆవిడ! వదిన కూడా కాదు. రోడ్డు మీద పోయే మనిషిని అన్నట్టు, ఆవిడ.

దొరసాని ఇంకేదో అంది. వాడు కూడా ఏదో అన్నాడు. నాకు చెవుల్లో హోరు, వినలేదు. వినదలచుకోలేదు కూడా. పెరట్లో తడి తగలకుండా కట్టిపెట్టిన సంచిలో పూత పొడి ఇంకా మిగిలుంది. ఈయన పనికి వెళ్లాడు. గిన్నెలో కలిపాను. ఎన్ని నీళ్లు పడతాయో నాకు ఒకరు చెప్పాలా? పెళ్లయిన కొత్తలో ఈయనకి కలిపి ఇచ్చిందే నేను. ఇటుకలు తడిపాను. ముందు సందు నింపాను, వేలితో లోపలికంటా కుక్కి. పైన పూత వేశాను. ఆయన పాత తాపీ తీసుకుని రెండుసార్లు దిద్దాను.

ముందుకి వంగి వంగి మెడ పట్టేసింది. చెవి పెట్టి చూశాను. నిశ్శబ్దం.

వాళ్ల గాలి సోకదు, మా గాలి పోదు. నేను మొదటి రోజు అడిగింది ఇదే కదా.

ఫిబ్రవరి 19

చాలా హాయిగా ఉంది.

ఫిబ్రవరి 21

ఈయన చొక్కా కూడా నేనే తీసి ఇస్తున్నాను. బీరువా దగ్గరికి రానివ్వడం లేదు. చిమ్మట పురుగుల మందు పెట్టానని చెప్పాను. నమ్మాడు.

ఫిబ్రవరి 25

మూడో పరీక్ష. ఈయన పనికి సెలవు పెట్టి మరీ వచ్చి రోడ్డు అవతల నిలబడ్డాడు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఫ్యాన్ తిరిగింది. ఫ్యాన్ అతను మీటరు చూశాడు, మళ్లీ చూశాడు, నవ్వాడు. "పాస్" అన్నాడు. డాక్టరు వాడి చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

చిన్నోడు డాక్టరు వైపు చూడటం లేదు. రోడ్డు అవతల నిలబడిన అన్న వైపు చూస్తున్నాడు. ఈయన తలొంచుకుని చెప్పు పట్టీ సవరించుకుంటున్నాడు. ఎంతసేపో సవరించుకున్నాడు.

ఇంటికొచ్చాక ఈయన అన్నం ముట్టలేదు. ఈసారి తమ్ముడు బోర్డులు బాగానే బిగించి ఉంటాడు అనుకున్నట్టున్నాడు. బోర్డుల మీద నేనేమీ అనలేదు.

ఫిబ్రవరి 26

అవతల హడావుడి. పక్కింటావిడ చెప్పింది, వాళ్లు ఇవాళే సర్దడం మొదలుపెట్టారట. అంతవరకు ఒక్క గిన్నె కూడా కదపలేదట, అట్టపెట్టెల కోసం దొరసాని కొట్లన్నీ తిరుగుతోందట. "అమ్ముకునేవాళ్లు ముందే సర్దుకోరూ?" అని నన్నే అడిగింది. నేనేం చెప్పను?

ఫిబ్రవరి 28

వెళ్లిపోయారు.

లారీ ఎక్కించడం అయ్యాక చిన్నోడు పెరటి గుమ్మంలోకి వచ్చాడు. గోడ లేచాక ఇటు రావడం ఇదే మొదలు. ఈయన ఇంట్లో లేడు. కావాలనే వెళ్లాడు, లారీ చూడలేక.

"వదినా" అన్నాడు.

అన్నాడు. వదినా అనే అన్నాడు.

లోపలికి రమ్మన్నాను. రాలేదు. ఆ గుమ్మంలోనే నిలబడి, "రెండుసార్లూ ఎందుకు ఫెయిలయిందో నాకు తెలుసు" అన్నాడు. "అన్నయ్య పూత నాకు తెలీదా? ఆయన వదిలేస్తే తప్ప అందులోంచి గాలి దూరదు."

"తెలిస్తే మరి చెప్పలేదేం?" అన్నాను.

"ఎందుకు చెప్తాను? ఉండమంటున్నాడు కదా అనుకున్నా. నోటితో అనలేక అలా అంటున్నాడు అనుకున్నా. డాక్టరు పోతే పోనీ అని సామాను కూడా సర్దలేదు. నీ దగ్గరికొచ్చి కాళ్లు పట్టుకుందామని అది అంది. వదిన మెత్తబడే దాకా ఆగుదాం అన్నాన్నేను."

నా చెయ్యి గుమ్మం పట్టుకుని ఉంది.

"మొన్న పాసైందిగా. అంటే, అన్నయ్యే మూసేశాడు కదా?" అన్నాడు. వాడి కళ్లు చిన్నప్పటిలాగే, ఏడుపు ఆపుకున్నప్పుడు ఎర్రబడతాయి. "పొమ్మన్నాడన్నమాట. అంతేనా వదినా? ఆయనే మూశాడా?"

నేను చెప్పాల్సింది. ఆ క్షణంలో నోరు తెరిస్తే చాలు. లారీ ఇంకా కదల్లేదు. చెబితే వాడు నా మొహం మీద ఉమ్మేవాడేమో. లేకపోతే కూర్చుని ఏడ్చేవాడేమో, ఇద్దరం ఏడ్చేవాళ్లమేమో. ఏదైనా అయ్యేది. నాకు భయమేసింది. వాడు నన్ను చూసే ఆ చూపు మారిపోతుందని భయమేసింది.

అవునన్నాను.

వాడు తలూపాడు. "సరే. పనిలో కూడా ఇక పిలవన్లే, ఇబ్బంది పెట్టడం ఎందుకు" అన్నాడు. "ఆరోగ్యం చూసుకో వదినా" అని వెళ్లిపోయాడు. లారీ వెళ్లేదాకా నేను కదల్లేదు.

మార్చి 2

డాక్టరు మనుషులు వచ్చి అవతల కొలతలు తీసుకుంటున్నారట. మాకేమీ వినబడదు.

మార్చి 6

పొద్దున నేను నీళ్లు పడుతుంటే ఈయన చొక్కా తానే తీసుకోవడానికి బీరువా తెరిచాడు. నేను వెళ్లేసరికి బట్టలన్నీ పక్కకి తోసి, పెట్టె జరిపి, నేలమీద కూర్చుని ఉన్నాడు. చేత్తో గోడ తడుముతున్నాడు. నా పూత ఆయన పూత కలిసే చోట బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాస్తున్నాడు. కొత్త సిమెంటు ఇంకా రంగు తేలలేదు, పళ్లెమంత మేర ముదురుగా కనబడుతోంది.

"నువ్వేనా?" అన్నాడు.

"నేనే" అన్నాను.

తిడతాడని నిలబడ్డాను. ఇన్నేళ్లలో మొదటిసారి, తిట్టాలని నిలబడ్డాను. ఆయన లేవలేదు. చేతికంటిన దుమ్ము పంచెకి తుడుచుకున్నాడు.

"గట్టిగా పూశావు" అన్నాడు.

బట్టలు మళ్లీ ఒక్కొక్కటీ సర్దాడు. పెట్టె వెనక్కి జరిపాడు. తలుపు వేసి, గొళ్లెం పెట్టి, చెయ్యి దాని మీదే ఉంచి అడిగాడు.

"మూసింది నేను కాదని వాడికి తెలుసా?"

తెలుసు అన్నాను.